సాయంత్రం దాకా

చదివాను సార్. రెండుసార్లు చదివాను. టైపు చక్కగా కొట్టించారు, ఒక్క తప్పు లేదు. సంతకం మాత్రం పెట్టను.

కూర్చోండి. ఆ స్టూలు వద్దు, దాని కాలు ఊగుతుంది. ఈ బల్ల మీద కూర్చోండి, పేషెంట్లు కూర్చునేది ఇక్కడే. మోకాలు నొప్పి అని చీటీ రాయించుకుని మరీ వచ్చారు కదా, బయట చూసేవాళ్ళకి మీరూ పేషెంటే. తలుపు వేశాను. పైన దీపం వెలుగుతున్నంతసేపు ఎవరూ లోపలికి రారు. సీసం రేకు కొట్టిన తలుపు ఇది, మనం ఏం మాట్లాడుకున్నా అవతలికి వినపడదు. ఇలాంటి గదులు మీకు కొత్తేం కాదు లెండి.

ఏంటలా చూస్తున్నారు? అవును, ఏడాదిన్నర కింద నేను మీకు దండం పెట్టినదాన్నే. మీ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాను కూడా. మర్చిపోలేదు. మర్చిపోతే ఈ గొడవే లేదు.

ఈ రెండో పేరా చూడండి. 'కుటుంబసభ్యుల ఆవేదనను దృష్టిలో ఉంచుకొని, సమయాభావం వల్ల, నిందితుణ్ణి గట్టిగా ప్రశ్నించడం జరిగింది.' గట్టిగా ప్రశ్నించడం. ఎంత మెత్తగా రాయించారు సార్. ఆ రోజు మీ గదిలోకి వచ్చి నేనన్నది ఇది కాదు కదా. 'వాడి ఎముకలు విరిచైనా సరే, చెప్పించండి' అన్నాను. ఎక్స్‌రేలు తీసేదాన్ని, నోటికి ఎముకలే వచ్చాయి. మీరు నా మాట పొల్లు పోనివ్వలేదు.

కింద నా పేరు దగ్గర 'మృతుని అక్క' అని కొట్టించారు. మృతుడు. వాడి గురించి మీకు ఆ ఒక్క మాటే తెలుసు.

మా అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. నాకు పంతొమ్మిది. అప్పటినుంచి వాడికి పడిశం పట్టినా జ్వరం వచ్చినా నేనే. చిన్నోడు అనేదాన్ని. ఇరవై ఆరేళ్ళొచ్చి, మీసం వచ్చి, నీళ్ళ పరీక్షల లేబులో ఉద్యోగం వచ్చాక కూడా చిన్నోడే. ఎవరింటికి వెళ్ళినా, ఇచ్చిన గ్లాసు వెలుతురులోకి ఎత్తి చూసి తాగేవాడు. 'ఒరేయ్, వాళ్ళేమనుకుంటారు' అంటే, 'ఏమనుకున్నా కడుపు నాదే కదక్కా' అనేవాడు.

రంగుల ఫ్యాక్టరీ కాలవలోంచి వాడు సీసాల్లో పట్టుకొచ్చిన నీళ్ళలో ఏముందో వాడు రాశాడు. ఆ రిపోర్టు మార్చమన్నారు. మార్చనన్నాడు. ఇంట్లో నాతో చెప్పినప్పుడు నేనూ తిట్టాను, 'నీకెందుకురా, పై వాళ్ళకి లేని బాధ' అని. 'కింద కాలనీలో ఆ నీళ్ళే తాగుతున్నారక్కా' అన్నాడు. అంతే. పెద్ద మాటలు మాట్లాడే మనిషి కాదు.

సోమవారం సాయంత్రం లేబునుంచి బయల్దేరినవాడు ఇంటికి రాలేదు. బుధవారం మధ్యాహ్నానికి, వాణ్ణి ఎత్తుకెళ్ళిన వ్యాన్ డ్రైవర్ని మీరు పట్టుకున్నారు. నేను మీ స్టేషన్ వరండాలో బెంచీకి అతుక్కుపోయాను.

అప్పుడు డ్రైవర్ని అడిగే పని మీ హెడ్ కానిస్టేబుల్ గారికి అప్పగించారు. మీరేం అప్పగించలేదు, పై నుంచి పెద్దాఫీసరు గారు చెప్పారు. మీరాయన్ని నత్త అనేవారు. అందరి ముందే అనేవారు. 'నత్తగారు ఈ ఏడాది లోపల గది దాటి వస్తారా' అని. కానిస్టేబుళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను ఒకసారి, మీకు నచ్చుతుందని.

ఆ గదికి కిటికీ ఉంది కదా, జాలీ కొట్టింది. అందులోంచి చూసేదాన్ని. ఏం చేస్తున్నాడాయన? డ్రైవర్‌కి టీ ఇచ్చి ఎదురుగా కూర్చుని, 'బండికి క్లచ్ ప్లేటు ఎప్పుడు మార్చావు' అని అడుగుతున్నాడు. 'మొన్నటి ఎండలకి రేడియేటర్ పోయిందా' అని అడుగుతున్నాడు. అదేదో బండి కొనేవాడిలా. వాడు మధ్యలో ఒకసారి నవ్వాడు సార్. నా తమ్ముణ్ణి ఎత్తుకెళ్ళిన బండి తోలినవాడు, నా కళ్ళ ముందు నవ్వాడు. నా ఒళ్ళు మండిపోయింది.

గురువారం పొద్దున ఆయన బయటికొస్తే అడ్డం పడ్డాను. 'అడిగారా?' అన్నాను.

'ఇంకా లేదమ్మా' అన్నాడు.

'మరి నిన్నటినుంచి ఏం అడుగుతున్నారు? అత్తారింటికొచ్చిన అల్లుడికి చేసినట్టు మర్యాదలు చేస్తున్నారు.'

'వాడికి దేనికి భయమో అడుగుతున్నా తల్లీ. అది తెలిస్తే మిగతాది వాడే చెప్తాడు. మనం లాక్కుంటే వచ్చేది వేరు, వాడు ఇస్తే వచ్చేది వేరు.'

ఆ మాట నాకు బుర్రకెక్కలేదు. నాకు కావాల్సింది వాడి భయం కాదు, మా వాడి జాడ.

శుక్రవారం పదకొండింటికి ఆయన తనంతట తనే వచ్చాడు నా దగ్గరికి. మొహం వెలిగిపోతోంది. బెంచీ మీద నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు. 'దొరికిందమ్మా. వాడి భార్యా తల్లీ ఊరవతల ఉంటారు. పని పురమాయించినవాళ్ళకి ఆ ఇల్లు తెలుసు. నోరు విప్పితే వాళ్ళని ఏం చేస్తారోనని వాడి భయం. లేడీ కానిస్టేబుల్ని పంపాను. బస్సులో తీసుకొస్తోంది, నాలుగింటికల్లా ఇక్కడ దిగుతారు. వాళ్ళని కళ్ళారా చూస్తే మొత్తం చెప్తానన్నాడు, సాక్ష్యం కూడా చెప్తానన్నాడు. సాయంత్రం దాకా ఓపిక పట్టు.'

బస్సు ఎందుకని అడగలేదు నేను. ఆయన జీపు అడిగితే మీరు ఇవ్వలేదని తర్వాత తెలిసింది. 'నత్తకి జీపెందుకు' అన్నారట.

సాయంత్రం దాకా అంటే ఐదు గంటలు. నాలుగు రోజులు ఆగినదాన్ని ఐదు గంటలు ఆగలేకపోయాను. ఎందుకో అడగండి. ఆయన అంత నెమ్మదిగా చెప్పడం వల్ల. వాడి పెళ్ళాన్ని పిలిపించాడు, వాడి తల్లిని పిలిపించాడు, మరి నా వాడి సంగతి ఎవరికీ పట్టలేదనిపించింది. లేచి తిన్నగా మీ గదిలోకి వచ్చాను.

మీరు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. 'టైం లేనప్పుడు టీలు పనికిరావమ్మా. ఇలాంటి వెధవలకి ఒకటే భాష తెలుసు. నాకు వదిలితే గంటలో చెప్పిస్తా. కానీ పెద్దాయన నత్తకి ఇచ్చారు, నేను కలగజేసుకోలేను. మీరు అడిగితే కాదనరు' అన్నారు. ఎంత ఓపికగా చెప్పారో నాకు. నన్ను ఎలా మాట్లాడించాలో మీకు బాగా తెలుసు సార్. ఆ నేర్పు లోపల కూర్చున్నవాడి మీద ఎందుకు వాడలేదో మరి.

పెద్దాఫీసరు గారి తల్లికి తుంటి ఎముక విరిగినప్పుడు ఫిల్ము తీసింది నేనే. ఆ పరిచయంతో ఫోన్ చేశాను. ఏడ్చాను. పది నిమిషాల్లో పని అయిపోయింది.

పన్నెండింటికి హెడ్డు గారు ఆ గదిలోంచి బయటికొచ్చారు. రెండు ఖాళీ గ్లాసులు చేతిలో ఉన్నాయి. నా ముందు ఆగారు. 'సాయంత్రం దాకా అన్నాను కదమ్మా' అన్నారు.

'మీ తమ్ముడైతే ఆగుతారా?' అన్నాను.

ఆయన గ్లాసులు తీసుకుని పంపు వైపు వెళ్ళారు. ఆ ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు ఉండదు. అందుకే అడిగాను.

తర్వాత మీరు వెళ్ళారు లోపలికి. గంట అన్నారు, నలభై నిమిషాల్లో తలుపు తీసుకుని వచ్చారు. చొక్కా తడిసిపోయి ఉంది. 'ఇటుక బట్టీలు' అన్నారు. నేను మీ చెయ్యి పట్టుకుంది అప్పుడే.

అప్పుడు మాత్రం రెండు జీపులు వచ్చాయి. నలభై కిలోమీటర్లు. ఏడు బట్టీలు తెరిపించారు, బూడిద తవ్వించారు. నేను చేతులతో తవ్వాను. మా వాడి చెప్పయినా దొరుకుతుందని. ఏమీ లేదు. చీకటి పడకముందే తిరిగొచ్చాం. నేను కూర్చునే బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. ముసలామె ఒకటే దగ్గుతోంది. చిన్నామె నాకు జరిగి చోటిచ్చింది. ఎవరో ఏమో అనుకున్నా. లోపల మీరు మళ్ళీ మొదలుపెట్టాక ఆ చిన్నామె చెవులు మూసుకుంది. వాళ్ళెవరో అప్పుడు అర్థమైంది నాకు. అర్థమైనా పక్కనుంచి లేవలేదు, పలకరించలేదు. విననీ అనుకున్నాను.

శనివారం పొద్దున రాళ్ళ క్వారీ అన్నాడు. యాభై కిలోమీటర్లు. క్వారీ గుంటలో ఈతగాళ్ళని దింపారు. లేదు. మధ్యాహ్నం ఐస్ ఫ్యాక్టరీ. అది వాడు చెప్పింది కాదు, మీరు అన్నది. 'ఐస్ ఫ్యాక్టరీయేనా, చెప్పు' అన్నారు, 'అవును' అన్నాడు. జాలీ కిటికీ దగ్గర నిలబడి విన్నాను. అప్పుడైనా నాకు వెలగలేదు. అడిగినదానికల్లా అవునంటున్నాడంటే తలవంచాడని సంబరపడ్డాను.

ఆదివారం పొద్దున వాణ్ణి ఇక్కడికి తెచ్చారు. ఈ గదికే. నేను సెలవులో ఉంటే మనిషిని పంపి పిలిపించారు, నేనైతే నమ్మకమని. 'మెట్ల మీంచి పడ్డాడు' అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను.

మీరు కూర్చున్న ఆ బల్ల మీదే వాడి చేతులు పెట్టాను. 'వేళ్ళు చాపు' అన్నాను. చాపలేకపోయాడు. ఫిల్ము సరిగ్గా రావాలంటే చెయ్యి బల్లకి ఆనాలి కదా. చిన్నపిల్లలకి ఇసుక సంచీ మెత్తగా ఆనిస్తాం. నేను రెండు సంచీలు తెచ్చి వాడి వేళ్ళ మీద వేసి, పైన నా అరచేత్తో అదిమాను. వాడు పెదవి కొరుక్కున్నాడు, రక్తం వచ్చింది. నా మొహంలోకి చూసి ఏదో చెప్పబోయాడు. 'నోర్ముయ్' అన్నాను.

రెండు చేతుల్లో కలిపి ఏడు వేళ్ళు విరిగాయి. ఎడమవైపు పక్కటెముకలు రెండు. దీపం ముందు పెట్టి మీకు ఒక్కొక్కటీ చూపించాను, గుర్తుందా? మీరు 'ఇవి రికార్డులోకి వద్దమ్మా' అన్నారు. వద్దనే అనుకున్నా. రిజిస్టర్లో 'ఎముకలకు దెబ్బ లేదు' అని నా చేత్తో రాశాను. ఫిల్ములు నా బీరువాలో, నా చీరల కింద పెట్టాను. మీకు సాయం చేశాననుకోలేదు, నా పని నేను చేసుకున్నాననుకున్నాను.

మంగళవారం చిన్నోడు దొరికాడు. మీకు దొరకలేదు. కూరగాయల మార్కెట్ వాచ్‌మన్‌కి వాసన వచ్చింది.

మూతపడ్డ సినిమా హాలు. దాని కింద జనరేటర్ గది. మీ స్టేషన్ నుంచి నడిచి వస్తే పది నిమిషాలు. ఆస్పత్రికీ స్టేషన్‌కీ మధ్య నేను ఆ రోజుల్లో ఎన్నిసార్లు తిరిగానో, ప్రతిసారీ ఆ గోడ పక్కనుంచే వెళ్ళాను. డ్రైవర్ దొరికాడని తెలిసిన బుధవారమే మిగతావాళ్ళు భయపడి, కట్టేసి ఉన్నవాణ్ణి అలాగే వదిలి, తాళం వేసుకుని పోయారట. గదిలో చుక్క నీళ్ళు లేవు. ఒంటిమీద పెద్ద దెబ్బలు కూడా లేవు సార్. దాహంతో పోయాడు. నీళ్ళు పరీక్షించేవాడు.

పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టరు నాకు పదిహేనేళ్ళుగా తెలుసు. నా మొహం చూడలేక కిటికీ వైపు తిరిగి చెప్పాడు. 'ఆదివారం తెల్లవారే దాకా ఉండి ఉంటాడమ్మా' అని.

ఆదివారం. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఉన్నాడు. శనివారం ఉన్నాడు. మేము క్వారీలో ఈతగాళ్ళని దింపుతుంటే ఉన్నాడు.

ఆగండి, లేవకండి. 'ఎవరికి మాత్రం తెలుసమ్మా అప్పుడు' అంటారు. తెలుసు. ఆ రోజు కూడా అదే అన్నారు, నా భుజం మీద చెయ్యి వేసి. 'మన ప్రయత్నం మనం చేశాం, ఆ దొంగముండాకొడుకు చివరిదాకా నిజం చెప్పలేదు' అన్నారు. నేను నమ్మాను. ఏడాది పైన నమ్మాను. నా పగంతా ఆ డ్రైవర్ మీదే పెట్టుకుని బతికాను.

కోర్టులో ఏమైంది? జడ్జిగారు నాలుగు ముక్కల్లో తేల్చారు. కొట్టి చెప్పించిన మాట చెల్లదన్నారు. ఫ్యాక్టరీవాళ్ళని ఈ కేసుకి ముడిపెట్టింది, వాళ్ళే పురమాయించారని వాడితో మీరు చెప్పించిన ఆ ఒక్క మాటే, అది తెగిపోయింది. వాళ్ళు మెట్లు దిగుతూ ఫోన్లు తీసి మాట్లాడుకున్నారు, కారెక్కి వెళ్ళిపోయారు. హెడ్డు గారి దగ్గర వాడు తనంతట తాను చెప్పి సాక్షిగా నిలబడి ఉంటే, వాళ్ళు ఇవాళ జైల్లో ఉండేవాళ్ళు. నాకు తమ్ముణ్ణే కాదు, నా పగ కూడా దక్కకుండా చేశారు మీరు.

సరే, డ్రైవర్ కూడా బయటికొచ్చాడు. వాడొక్కడైనా నా చేతికి అందుతాడనుకున్నాను. అడ్రసు కోర్టు కాయితాల్లోనే ఉంది. కిందటి నెల ఒక బుధవారం, డ్యూటీ నుంచి వెళుతూ డ్రెస్సింగ్ గదిలోంచి పెద్ద కత్తెర ఒకటి సంచీలో వేసుకున్నాను. ఏం చేద్దామని? చంపుదామనే. నీళ్ళు నమలడం నాకు చేతకాదు.

మధ్యాహ్నం మూడింటప్పుడు. తలుపు భార్య తీసింది. ఆ బెంచీ మీద జరిగి చోటిచ్చిన ఆమె. నన్ను గుర్తుపట్టింది. తిడుతుందనుకున్నాను. పక్కకి తప్పుకుంది. వాడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా బొత్తాలు సగం పెట్టి ఉన్నాయి. ఆమె వెళ్ళి మిగతావి పెట్టింది, నేను వచ్చానని. ఆ వేళ్ళు సార్, నేను ఫిల్ములో చూసిన వేళ్ళు, అలాగే వంకరగా అతుక్కున్నాయి. కట్టు కట్టేవాడు ఉంటే కదా. నేను దెబ్బ లేదని రాశాను కదా.

'కూర్చోండక్కా' అన్నాడు.

అక్కా అన్నాడు. నాకు కత్తెర గుర్తు రాలేదు, వాడు ఆ రోజు ఇక్కడ నోరు తెరవబోయిన సంగతి గుర్తొచ్చింది. 'ఆ రోజు ఎక్స్‌రే గదిలో ఏదో చెప్పబోయావు. ఏంటది?' అన్నాను.

'సినిమా హాలు అని' అన్నాడు.

'అప్పుడెందుకు? ముందెందుకు చెప్పలేదు?' అన్నాను.

'ముందే చెప్పాను. శనివారం చెప్పాను సార్‌కి. నమ్మలేదు.'

ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పాడు. ఏమన్నాడో వినండి, మీకు పనికొస్తుంది. 'హెడ్డు గారు లేచి వెళ్ళిపోయి ఆ సార్ రాగానే, హెడ్డు గారే నన్ను మోసం చేశారనుకున్నా. మా వాళ్ళని రప్పించింది కాపాడటానికి కాదు, నా ముందు కొట్టడానికని అనుకున్నా. ఇక ఎవర్ని నమ్మాలి? మొదటి వేలు విరిగాక మీ తమ్ముడు గుర్తు లేడక్కా. ఎవరూ గుర్తు లేరు. ఒక చోటు చెప్తే, వాళ్ళు వెళ్ళి వెతికి వచ్చేదాకా కొట్టరని తెలిసింది. ఎంత దూరం చెప్తే అంతసేపు విశ్రాంతి. అందుకే దూరం చూసుకుని చెప్పాను. బట్టీలు. తర్వాత ఇంకా దూరం, క్వారీ. శనివారానికి ఇక నా వల్ల కాలేదు, ఉన్నది చెప్పేశాను. మన స్టేషన్ దగ్గరే సార్, సినిమా హాలు కింద అన్నాను. సార్ నవ్వాడు. నా ముక్కు కింద దాచారా, వేళాకోళమా అని ఇంకో వేలు పట్టుకున్నాడు.'

ఎందుకు తల దించుకున్నారు సార్? అబద్ధమా? అబద్ధమే అనుకున్నాను నేను కూడా. దెబ్బలు తిన్నవాడి మాట, మీ మీద కసితో అన్నాడేమోనని.

హెడ్డు గారు రిటైరయ్యారు కదా, ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. బస్సు నాలుగుకి పది నిమిషాల ముందే వచ్చిందన్నాడు. ఆ ఇద్దర్నీ కిటికీ దగ్గరికైనా తీసుకెళ్ళనివ్వమని సెంట్రీని బతిమాలాడట. మీ ఆర్డరు లేదన్నాడట. 'ముప్పై ఏళ్ళు అడగడమే నా పనమ్మా. అందరూ చెప్పారని కాదు. కొందరు చెప్పలేదు, ఓడిపోయాను. కానీ చెప్పినవాడు చెప్పిన చోట వెళ్ళి చూస్తే, అక్కడ ఉండేది' అన్నాడు.

ఆ తర్వాత మీ మీద ఎంక్వైరీ వేశారు, డ్రైవర్ భార్య పెట్టిన అర్జీ మీద. నాకూ కబురొచ్చింది. మొన్న సోమవారం వెళ్ళాను. మీ స్టేషన్లో రాతకోతలు చూసే రైటరు ఉన్నాడు కదా, ఎప్పుడూ నోరెత్తడు. వాడు ఒక కాయితం దాచిపెట్టుకున్నాడు. డ్రైవర్ చెప్పిన చోట్లన్నీ, ఏ రోజు, ఎన్ని గంటలకి, అన్నీ రాసి ఉన్నాయి. ఎంక్వైరీ చేసే ఆఫీసరు గారు దాన్ని నా ముందు పెట్టారు.

నాలుగో వరుస. శనివారం, రెండుంపావు. 'సినిమా హాలు, జనరేటర్ గది.' దాని పక్కన ఎర్ర సిరాతో 'అబద్ధం' అని మీ రాత.

రెండుంపావుకి మీకు తెలుసు. నడిచి వెళితే పది నిమిషాలు. ఒక కానిస్టేబుల్ని సైకిల్ మీద పంపినా సరిపోయేది. యాభై కిలోమీటర్లు రెండు జీపులేసుకుని వెళ్ళినవాళ్ళు, రెండు వీధులు అవతలికి ఒక్క మనిషిని పంపలేదు. మూడు అబద్ధాలు నమ్మి, నిజాన్ని నమ్మలేదు. అది తెలిసీ నా భుజం మీద చెయ్యి వేశారు. చివరిదాకా నిజం చెప్పలేదన్నారు. ఏడాది పాటు నా చేత ఆ చేతులు పనిచెయ్యనివాణ్ణి శపించజేశారు.

మీరు చెయ్యకూడనిది చేశారని కోపం కాదు సార్. అది నేనే చెయ్యమన్నాను, ఆ మాట అనే అర్హత నాకు లేదు. పని జరుగుతుందని నమ్మించారు చూడండి, అదీ. పని మీకే రాదు. పని వచ్చినవాణ్ణి నత్త అన్నారు.

అందుకని ఇవాళ పొద్దున్నే వెళ్ళి ఫిల్ములు ఇచ్చేశాను. మూడూ. ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఎవరు తెచ్చారు, ఎవరు దాచమన్నారు, ఎవరు దాచారు, నా చేత్తో రాసి సంతకం పెట్టాను. చూశారా, సంతకం పెట్టనని కాదు, ముందే పెట్టేశాను. మీ కాయితం ఆలస్యంగా వచ్చింది.

రిజిస్టర్లో తప్పు రాసినందుకు నా ఉద్యోగం పోతుందన్నారు. పోనివ్వండి. కేసు కూడా పెడతారట. పెట్టనివ్వండి. మొట్టమొదటి వాక్యంలో నా పేరే రాశాను, పెద్దాఫీసరుకి ఫోన్ చేసింది నేనేనని, ఎముకలు అన్నది నేనేనని. మీరు మునిగితే నా జుట్టు పట్టుకుని నన్నూ లాగుతారని తెలుసు. అందుకే నేనే ముందు దూకాను. మీరు ఇక ఎవర్ని పట్టుకుంటారో చూస్తాను.

మిమ్మల్ని మూడింటికి పిలుస్తారు. ఆ ఆఫీసరు ఆవిడ ఎలా ఉంటుందో చెప్పనా? గొంతు పెంచదు. కుర్చీ తనే జరిపి ఇస్తుంది. 'మీ తమ్ముడికి ఏం ఇష్టం' అని మొదలుపెట్టింది నాతో. రెండు గంటలు వాడి గురించే మాట్లాడించింది. ఇసుక సంచీల సంగతి ఎవరికీ తెలియదు, నేను చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. అది కూడా చెప్పేశాను. ఎలా చెప్పానో నాకే తెలియదు. మీరు కూడా చెప్తారు. మీ వేలు ఎవరూ పట్టుకోరు, అదే నాకు కావాలి. ఎవరో కొట్టి చెప్పించారని రేపు కోర్టులో తప్పించుకునే దారి మీకు ఉండకూడదు.

ఒక్కటి మాత్రం ఆవిడకి కూడా చెప్పలేదు. అది రాసే గడి ఆ ఫారంలో లేదు. మీకు చెప్తాను, ఇంకెవరికీ అర్థం కాదు.

సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను కన్ను మూయలేదు సార్. కళ్ళు మూస్తే చిన్నోడు పిలిచినట్టు ఉండేది. శుక్రవారం మీరు లోపలికి వెళ్ళి తలుపేశారు కదా. మొదటి కేక వినపడింది. నా ఒంట్లో ఏదో బిగించి ఉన్నది వదులైంది. రెండోదానికి భుజాలు దిగాయి. ఇంకో నాలుగు కేకలు విన్నానేమో, ఆ బెంచీ మీదే పడి నిద్రపోయాను. పట్టపగలు, జనం తిరుగుతుంటే. కల కూడా రాలేదు. మీరొచ్చి లేపితేగానీ లేవలేదు. ఆ నలభై నిమిషాల్లో మా వాడు రెండు వీధుల అవతల నాలుక పిడచకట్టి ఉన్నాడు. నేను హాయిగా నిద్రపోయాను.

ఆ డ్రైవర్ చేతులు చూసి వచ్చాక ఇక ఆ కేకలు తలుచుకోలేననుకున్నా. లేదు. ఇప్పటికీ నిద్ర పట్టకపోతే అవే తెచ్చుకుంటాను, పడుతుంది. కాకపోతే ఈ మధ్య ఆ గొంతు మారింది. సోమవారం ఆ కాయితం చూసిన దగ్గర్నుంచి మీ గొంతు వినపడుతోంది. ఇంకా త్వరగా పడుతోంది సార్ నిద్ర. ఏం చెయ్యను.